వెనక బెంచీ శ్రుతి

వినయం విషయంలో మా సంఘంలో నన్ను మించినవాడు లేడు. ఈ సంగతి అందరికీ తెలుసు. ఎందుకంటే అందరికీ నేనే చెప్పాను.

ముందే ఒక హెచ్చరిక. నేను చెప్పేదాంట్లో మా ఆవిడ నాలుగో వంతే నమ్ముతుంది. అది తెలిశాక నేను ప్రతిదాన్నీ నాలుగింతలు చేసి చెప్పడం మొదలుపెట్టాను, చివరికి ఆమెకి నిజమే చేరాలి కదా అని. ఈ ఏర్పాటు మీద మా కాపురం ఇరవై ఆరేళ్ళుగా సాఫీగా సాగుతోంది. మీకు ఈ లెక్క అలవాటు లేదు కాబట్టి వీలైనంతవరకు ఉన్నదే రాస్తాను.

మా చర్చి విజయవాడ వన్ టౌన్‌లో, కొండ వాలుకి ఆనుకున్న ఒక సందులో, ఎండుమిర్చి గోడౌన్ల మధ్య ఇరుక్కుని ఉంటుంది. ప్రార్థన మధ్యలో అందరూ ఒకేసారి తుమ్మితే పక్క గోడౌన్‌లో బస్తాలు దించుతున్నారని అర్థం. కొత్తగా వచ్చిన పాస్టరుగారు మొదటి ఆదివారం మా కళ్ళమ్మట నీళ్ళు చూసి తన ప్రసంగం గురించి చాలా గొప్పగా అనుకున్నారు. రెండో వారానికి ఆయనకీ విషయం తెలిసింది.

మా దగ్గర పాట ఎత్తుకునేది ఒక్కరే. పాస్టరుగారు నంబరు చెబుతారు, అందరూ పుస్తకం తెరుస్తారు, ఆ ఒక్కరూ మొదటి ముక్క అందుకుంటారు. ఆయన ఏ శ్రుతిలో ఎత్తుకుంటే నూట యాభై మందీ ఆ శ్రుతిలోనే చివరి చరణం దాకా పాడాలి. మధ్యలో మార్చుకోవడానికి లేదు. హార్మోనియం ఉంది కానీ దాని తిత్తులు ఎలకలు కొట్టేశాయి. బాగు చేయించాలా, కొత్తది కొనాలా అని కమిటీవారు తొమ్మిదేళ్ళుగా ఆలోచిస్తున్నారు. కమిటీలో ఎలకలకి కూడా సభ్యత్వం ఉందేమోనని నా అనుమానం. ఒకసారి ఎవరో కీబోర్డు తెస్తామంటే మాస్టారే వద్దన్నారు.

"దానికి శ్రుతి తెలుసు గానీ, ఇవాళ గుడికి ఎవరొచ్చారో తెలియదయ్యా" అన్నారు.

ఆ మాటకి అర్థమేమిటో అప్పుడు నేను అడగలేదు. గొప్పవాళ్ళు ముసలితనంలో ఏదో అంటుంటారులే అనుకుని తల పంకించాను.

పాట ఎత్తుకునేది ఆ మాస్టారే. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. డెబ్భై ఎనిమిదేళ్ళు. బక్కపల్చటి మనిషి, ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. గొంతు గొప్పదేం కాదు. ఇది అసూయతో అంటున్న మాట కాదు, అసూయతో అన్నవి వేరే ఉన్నాయి. సన్నగా, మొహమాటంగా, పక్కింటివాళ్ళ తలుపు కొట్టినట్టు ఎత్తుకునేవారు. నా గొంతు అలాంటిది కాదు. నేను ఆఫీసులో పక్క సెక్షన్‌కి ఫైలు పంపించమని కేకేస్తే కింద టీ కొట్టువాడు రెండు టీలు పంపించేవాడు.

అంత గొంతు పెట్టుకుని పదకొండేళ్ళు ఆయన వెనక నిలబడ్డాను. బోర్డు మీద పాటల నంబర్లు సుద్దముక్కతో రాసేది నేనే. పుస్తకాలు పంచేది, ఏరేది నేనే. ఆయన కళ్ళజోడు తుడిచే గుడ్డ నా జేబులో ఉండేది. గోరువెచ్చటి నీళ్ళ ఫ్లాస్కు నా సంచిలో ఉండేది. ఇవన్నీ ఎంత వినయంగా చేసేవాణ్ణంటే, చేస్తున్నానని అందరూ గమనించేదాకా చేసేవాణ్ణి. ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక ఫ్లాస్కు మూత తీసి ఇస్తూ ఎంతో ఆప్యాయంగా అడిగేవాణ్ణి.

"గొంతు ఎలా ఉందండీ మాస్టారూ?"

"నీకు కావలసినంత పాడవలేదురా" అనేవారు ఆయన, నీళ్ళు తాగుతూ.

వాళ్ళు వీళ్ళు నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి. ఇంటికొచ్చి ఆ నవ్వు తీసి చొక్కాతోపాటు వంకీకి తగిలించేవాణ్ణి.

పదకొండేళ్ళలో ఆయన్ని చూసి నేను నేర్చుకున్నది ఒకటే ఒకటి. పాట ఎత్తుకునే ముందు ఆయన వెనక్కి తిరిగి, కళ్ళజోడు పైకి నెట్టి, ముందు బెంచీ నుంచి ద్వారం పక్కనున్న చివరి బెంచీ దాకా ఒక్కసారి నెమ్మదిగా చూసేవారు. ఆ తర్వాతే నోరు తెరిచేవారు. ఆ చూపులో ఏం దర్జా అండీ! కలెక్టరుగారు కాలువ తనిఖీకి వచ్చినట్టుండేది. నాకు పాటకన్నా ఆ చూపు మీదే ఆశ ఎక్కువ. ఇంట్లో బీరువా అద్దం ముందు నిలబడి సాధన చేసేవాణ్ణి. చూపు కుడి నుంచి ఎడమకి తిప్పితే బాగుంటుందా, ఎడమ నుంచి కుడికా అని. ఒకరోజు మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఇదంతా చూసి, "మెడ పట్టేసిందా? జండూబామ్ రాయమంటారా?" అంది.

పాట సాధన మాత్రం స్కూటర్ మీద. గన్నవరం దగ్గర మా ఇల్లు, బందరు రోడ్డులో మా ఆఫీసు, మధ్యలో బోలెడంత ట్రాఫిక్. హెల్మెట్ పెట్టుకుని పాడుకుంటూ వెళ్ళేవాణ్ణి. హెల్మెట్‌లో పాడి చూశారా ఎప్పుడైనా? చూడండి. మన గొంతు మనకే చుట్టూ తిరిగి వస్తుంది. ఎంత పైకి వెళ్ళినా హాయిగానే ఉంటుంది. ఒకసారి బెంజి సర్కిల్ దగ్గర ట్రాఫిక్ కానిస్టేబులు బండి ఆపి, "ఇంకొక చరణం పాడి వెళ్ళండి సార్" అని బతిమాలాడు. మా ఆవిడ కథనం ప్రకారం ఎర్ర లైటు పడ్డా చూసుకోకుండా వెళ్ళినందుకు చలానా రాశాడు. రెండూ జరిగి ఉండవచ్చు.

ఇలా ఉండగా మాస్టారికి కళ్ళలో శుక్లాలు ముదిరాయి. ఆపరేషన్ చేశారు. దుమ్ములోకి వెళ్ళకూడదన్నారు, గట్టిగా మాట్లాడకూడదన్నారు. ఎండుమిర్చి గోడౌన్ల మధ్యనున్న చర్చికి రావడమంటే ఇక మరిచిపోవలసిందే. చూడ్డానికి పళ్ళు పట్టుకుని వెళ్ళాను. నల్ల కళ్ళజోడు పెట్టుకుని మంచం మీద కూర్చుని ఉన్నారు.

"ఈ ఆదివారం నువ్వు ఎత్తుకో" అన్నారు.

నేను ఎంతో బాధగా మొహం పెట్టాను. ఆయనకి కనిపించదని గుర్తొచ్చి, బాధని గొంతులోకి మార్చాను. "మీరుండగా నేనేమిటండీ మాస్టారూ..."

"సరే, అయితే ఇంకెవరికైనా చెబుతా."

"వద్దొద్దు, ఎందుకూ, శ్రమ మీకు!"

ఆయన పెదవి ఒక పక్కకి లాగి నవ్వారు. "ఈ ఆదివారం సంగతి చూశాక మట్టల ఆదివారం ఎవరనేది చెబుతా."

అసలు విషయం అది. ఈస్టరుకి వారం ముందు వచ్చే ఆ మట్టల ఆదివారం నాడు మా సంఘమంతా ఈత మట్టలు పట్టుకుని చర్చి నుంచి బయల్దేరి, వన్ టౌన్ వీధుల్లో పాడుకుంటూ తిరిగి వస్తుంది. ఊరంతా చూసే పాట సంవత్సరానికి అదొక్కటే. ఆ ఊరేగింపు వెళ్ళే మూలమీద, ఒక ఫ్యాన్సీ కొట్టు పైన, మా ఆఫీసు సూపరింటెండెంటుగారి ఇల్లు. ఆవిడ నాకన్నా ఆరేళ్ళు చిన్న, నాకన్నా ఒక మెట్టు పైన. ఆవిడ మేడ మీద నుంచి చూస్తుండగా కింద వీధిలో నా పాట వెనక నూట యాభై మంది నడవాలి. పదకొండేళ్ళు ఫ్లాస్కు మోసింది దీనికోసం.

ఆ ఆదివారం వచ్చింది. పాస్టరుగారు నంబరు చెప్పారు. నేను లేచాను. వెనక్కి తిరిగాను. కుడి నుంచి ఎడమకి ఆ చూపు చూశాను. ఎవరినీ చూడలేదు, చూపు మాత్రం చూశాను. ఎత్తుకున్నాను.

హెల్మెట్‌లో ఎత్తుకునే చోటే ఎత్తుకున్నాను.

పల్లవి అందరూ పాడారు. మొదటి చరణంలో మగవాళ్ళు కొంతమంది తగ్గారు. రెండో చరణానికి వచ్చేసరికి చర్చిలో నా గొంతు ఒక్కటే మోగుతోంది. నాకు ఒళ్ళు పులకరించింది. వీళ్ళు పాడటం మానేసి వింటున్నారు! ఎవరో కళ్ళు మూసుకున్నారు. ఎవరో గుండె మీద చెయ్యి పెట్టుకున్నారు. చివరి బెంచీలో ద్వారం పక్కన కూర్చునే మామ్మగారు, మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి, నోరు తెరిచి నావైపే చూస్తున్నారు. ఆవిడ నోట మాట రావడం లేదు. అంతటి ఆనందం ఇస్తున్నానా అనుకుని ఇంకాస్త సాగదీశాను.

మూడో చరణంలో ఆడవాళ్ళ వైపు నుంచి ఒక గొంతు లేచింది. లేచిందనకూడదు, దిగింది. నా పాటనే, సగానికి సగం కిందికి దించి, ఆ చరణం మొదటి నుంచి అందుకుంది. డోలక్ వాయించే ఆయన, నా పక్కనే కూర్చుని పదకొండేళ్ళుగా నా సంచిలో నీళ్ళు తాగుతున్న మనిషి, ఒక్క దెబ్బ తప్పకుండా అటు వెళ్ళిపోయాడు. ఆడవాళ్ళు వెళ్ళారు. మగవాళ్ళు వెళ్ళారు. చర్చి మొత్తం ఒక్కసారి ఊపిరి పీల్చుకుని పాట అందుకుంది. పైన నేను ఒక్కణ్ణే మిగిలాను. ఒక రెండు లైన్లు అక్కడే తిరిగి, ఇది ముందే అనుకున్న ఏర్పాటే అన్నట్టు చిరునవ్వు నవ్వుతూ కిందికి దిగి వాళ్ళలో కలిశాను.

ఆ గొంతు మా ఆవిడది.

ఆరాధన అయ్యాక పాస్టరుగారు నా చెయ్యి పట్టుకుని ఊపారు. "దేవుడు తప్పకుండా విని ఉంటాడు బ్రదర్. ఆయన ఉండేది పైనే కదా."

ద్వారం దగ్గర మామ్మగారు కర్ర ఆనించుకుని నిలబడి ఉన్నారు. "బాగా పాడావు నాయనా" అన్నారు. నేను తల వంచుకుని, "మీ ఆశీర్వాదం మామ్మగారూ" అన్నాను. "నన్నే పాడనివ్వలేదు" అన్నారు ఆవిడ, మెట్లు దిగుతూ.

ఇంటికి వెళ్ళాక అన్నం వడ్డిస్తుంటే ఇక ఉండబట్టలేక అడిగాను.

"అందరి ముందూ అలా చెయ్యచ్చా? ఒక్క చరణం ఆగలేకపోయావా?"

"ఆగాను కదా, రెండు చరణాలు" అంది. "మూడోది కూడా ఆగితే మామ్మగారు పడిపోయేలా ఉన్నారు. మీరు చూశారా ఆవిడ వైపు?"

"చూశాను. ఎంతో ఆనందంగా..."

"ఊపిరాడక నోరు తెరిచారండీ."

పప్పులో నెయ్యి వేసుకోవడం మరిచిపోయి తిన్నాను.

సోమవారం సాయంత్రం మాస్టారి ఇంటికి వెళ్ళాను. వెళ్ళేలోగా జరిగిందాన్ని నాకు అనుకూలంగా నాలుగు రకాలుగా తయారుచేసుకున్నాను. గోడౌన్ దుమ్ము, ఫ్యాన్ల చప్పుడు, కొత్త పాట, ఆడవాళ్ళ కుట్ర. మొదటిది మొదలుపెట్టేలోపే ఆయన నల్ల కళ్ళజోడు నావైపు తిప్పారు.

"ఎత్తుకునే ముందు వెనక్కి తిరిగి చూశావట?"

"చూశానండీ! అచ్చం మీలాగే!"

"ఎవరొచ్చారు?"

"అందరూ వచ్చారండీ."

"అందరూ అనే మనిషి మన సంఘంలో లేడురా. మామ్మ ఏ మోకాలికి పట్టీ వేసుకుంది? రైల్వేలో చేసిన ఆయన దగ్గు తగ్గిందా? బాలింతరాలు వచ్చిందా, రాలేదా? నేను వెనక్కి తిరిగేది నా మొహం చూపించడానికి అనుకున్నావా?"

నిజంగానే అలా అనుకున్నాను. పదకొండేళ్ళు అలాగే అనుకున్నాను.

"నువ్వు చేసేది కాలువల ఆఫీసులో కదరా" అన్నారు. "శివారు పొలాలకి నీళ్ళు అందలేదని అర్జీలు వస్తాయా, రావా?"

"రోజూ వస్తాయండీ. పామర్రు అవతల నుంచి."

"ఏమని రాస్తావు వాటి మీద?"

"తగు చర్య నిమిత్తం అని..."

"మామ్మ అర్జీ పెట్టుకుంది. తగు చర్య తీసుకో. మట్టల ఆదివారం దాకా ఆవిడ పక్కన, చివరి బెంచీలో కూర్చో. పాడకు. విను."

"మరి పాట ఎవరు ఎత్తుకుంటారండీ?"

"మీ ఆవిడ."

మంచినీళ్ళు అడిగి తాగాను. ఆయనే మళ్ళీ అన్నారు. "మట్టల ఆదివారం సంగతి ఆ రోజు పొద్దున చెబుతా. అప్పటిదాకా నన్ను గొంతు గురించి అడగకు."

చివరి బెంచీలో కూర్చోవడమంటే ఏమిటో ముందు వరసలవాళ్ళకి తెలియదు. అక్కడ నుంచి వీపులు తప్ప ఏమీ కనిపించవు. ఫ్యాను గాలి రాదు, చప్పుడు వస్తుంది. ఆలస్యంగా వచ్చినవాళ్ళంతా మన కాళ్ళు తొక్కే లోపలికి వెళతారు. బయట చెప్పులన్నిటికీ మనమే కాపలా. మొదటి ఆదివారం మా ఆవిడ లేచి నిలబడి పాట ఎత్తుకుంటుంటే, ఎక్కడైనా తప్పుతుందేమోనని చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. తప్పితే ఏం చెయ్యాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను. కనిపించకుండా నిట్టూర్చాలని. తప్పలేదు. నిట్టూర్పు అలాగే ఉండిపోయింది.

రెండో ఆదివారం పక్కనున్న గొంతు వినపడటం మొదలైంది. మామ్మగారు లైను మొత్తం పాడరు. ఊపిరి చాలదు. సగం లైను పాడి, ఆగి, పీల్చుకుని, తర్వాతి లైను సగంలో మళ్ళీ ఎక్కుతారు, కదులుతున్న బస్సు ఎక్కినట్టు. పాట కాస్త పైకి వెళితే ఆ సగం కూడా ఉండదు, పెదవులు మాత్రం కదులుతాయి. ముందు బెంచీల నుంచి చూసేవాళ్ళకి ఆవిడ పాడుతున్నట్టే ఉంటుంది. పదకొండేళ్ళు నేను అక్కడి నుంచే చూశాను.

మూడో ఆదివారం నోరాగక అడిగాను. "మామ్మగారూ, మాస్టారి గొంతు అంత గొప్పదేం కాదు కదండీ. మరి అందరికీ ఆయనంటే అంత ఇదేమిటి?"

"ఆయన ఎత్తుకుంటే పాట నా కొలతకి కుట్టిన జాకెట్టులా ఉంటుంది అబ్బాయ్" అన్నారు ఆవిడ. "నీ పాట షాపులో వేలాడేసిన పట్టుచీర. బాగుంది, ధగధగలాడింది. మేము కట్టుకునేది మాత్రం కాదు."

ఆవిడే నా మోచేతి మీద పొడిచి, "బాధపడకు. ఆయన మొదటిసారి ఎత్తుకున్న రోజు నేనిక్కడే ఉన్నా. ఎంత పైకి వెళ్ళాడంటే బయట కుక్కలు లేచి నిలబడ్డాయి. అప్పట్లో పాట ఎత్తుకునే పెద్దాయన మాస్టార్ని కూడా ఈ బెంచీలోనే కూర్చోబెట్టాడు. ఏడాది" అన్నారు.

ఏడాది! నాకు వేసింది నాలుగు ఆదివారాలే. నా ప్రతిభ వల్ల శిక్ష తగ్గిందని మా ఆవిడకి చెప్పాను. ఆమె నాలుగో వంతు కూడా నమ్మలేదు.

మట్టల ఆదివారం తెల్లవారింది. నేను ముందు రోజే మీగడ రంగు లాల్చీ ఇస్త్రీ చేయించి పెట్టుకున్నాను. సూపరింటెండెంటుగారికి మూడు రోజుల ముందే చెప్పాను, ఏడున్నరకి మేడ మీదకి రండి మేడమ్, పాట ఎత్తుకుని ముందు నడిచేది నేనే అని. ఇంకా ఎవరూ నాకు చెప్పలేదనుకోండి. వినయంగా ఎదురుచూసేవాళ్ళు ముందస్తు ఏర్పాట్లు చేసుకోకూడదని ఎక్కడా లేదు కదా.

చర్చి ముందు ఒక కొట్టు అరుగు మీద కుర్చీ వేయించుకుని మాస్టారు కూర్చుని ఉన్నారు. నల్ల కళ్ళజోడు, మూతికి రుమాలు. ఆటోలో వచ్చిన ఈత మట్టలు పంచుతున్నారు. నన్ను పిలిపించారు. ఫ్లాస్కు పట్టుకుని వెళ్ళాను. గొంతు గురించి అడగలేదు.

"ఎవరొచ్చార్రా?"

వెనక్కి తిరిగాను. ఈసారి చూపు ఎటు నుంచి ఎటు తిరిగిందో నాకు గుర్తులేదు.

"మామ్మగారు వచ్చారండీ. ఎడమ మోకాలికి పట్టీ. రాత్రి నిద్ర పట్టలేదట, మొహం పీక్కుపోయి ఉంది. రైల్వే ఆయన దగ్గుతూనే ఉన్నారు, కానీ వస్తానంటున్నారు. బాలింతరాలు బిడ్డని ఎత్తుకుని వచ్చింది. బడిపిల్లలు చాలామంది ఉన్నారు, వాళ్ళు పరిగెత్తిస్తారు. డోలక్ ఆయనకి తాడు తెగింది, డోలక్ మెడలో కాకుండా చంకలో పెట్టుకున్నాడు, ఎక్కువసేపు వాయించలేడు."

"అయితే ఎత్తుకో" అన్నారు.

నేను లాల్చీ సర్దుకుని ముందుకి కదిలాను. కర్రతో నా కాలు ఆపారు.

"ఎక్కడికి? వెనక్కి వెళ్ళు. మామ్మ పక్కన నడువు. నేను ఎక్కడ నడిచేవాణ్ణో ఎప్పుడూ చూడలేదా?"

చూశాను. ప్రతి ఏడూ ఆయన ఊరేగింపు చివరన ముసలివాళ్ళతో నడిచేవారు. వయసైపోయి వెనకపడుతున్నారు పాపం అనుకుని, నేను ముందు సంఘం పేరున్న బోర్డు పట్టుకుని ఊరేగింపు నడిపిస్తూ వచ్చాను. పదకొండేళ్ళుగా నడిపించింది నేనే అనుకున్నాను. వెనక నుంచి పాట తోస్తే ముందు బోర్డు కదిలిందన్నమాట.

వెనక్కి వెళ్ళాను. నా చుట్టూ కర్రలు, పట్టీలు, దగ్గు, చంటిబిడ్డ. ఎదురుగా ఒక అడవంత ఈత మట్టలు. వాటి వెనక మీగడ రంగు లాల్చీ వేసుకున్నా, గోనెపట్టా కట్టుకున్నా ఒకటే. మామ్మగారు ఒకసారి ఊపిరి పీల్చుకునేదాకా ఆగాను. ఎత్తుకున్నాను. నా గొంతుకి అది మరీ కింద, నేల మీద కూర్చుని పాడినట్టుంది. నాకు దాంట్లో ఏ మజా లేదు. మామ్మగారు మొదటి లైను సగం పాడారు. రెండో లైను మొత్తం పాడారు.

పాట ముందుకి వెళ్ళింది. ఒక్కో వరస అందుకుంటుంటే వినపడుతోంది, కాలువకి నీళ్ళు వదిలినప్పుడు తూము తర్వాత తూము తడిసినట్టు. ఇన్నేళ్ళు ఆ ఆఫీసులో చేశాను గానీ ఒక్కసారైనా నీళ్ళ వెంట శివారు దాకా నడిచిన పాపాన పోలేదు.

మూల తిరిగే చోట లారీలోంచి బస్తాలు దించుతున్నారు. ఒక తోపుడుబండి అడ్డంగా ఇరుక్కుంది. ముందు సగం దాటిపోయారు, మేము ఇవతల ఆగిపోయాం. పిల్లలు ఉన్న ముందు సగం ఎంత జోరుగా వెళ్ళారంటే, వాళ్ళు మూడో చరణంలో ఉంటే మేము రెండో చరణంలో ఉన్నాం. ఒక్క ఊరేగింపు రెండు పాటలైంది. ఒకప్పటి నేనైతే ఇక్కడే గొంతెత్తి, ఆ బండి మీదుగా, ఆ లారీ మీదుగా, కృష్ణ అవతలి ఒడ్డు దాకా వినిపించి అందరినీ లాక్కొచ్చేవాణ్ణి. గొంతు అప్పటికే పైకి లేవబోయింది. మామ్మగారు నా లాల్చీ అంచు పట్టుకున్నారు, మోకాలు ఆగడం లేదని. నోరు మూసుకున్నాను. రెండో చరణం అయ్యాక పల్లవి దగ్గరే ఆగి, అదే పల్లవిని తిప్పి తిప్పి, ఇంకా నెమ్మదిగా పాడాను. నాలుగుసార్లో ఐదుసార్లో తిరిగేసరికి ముందువాళ్ళు ఒక్కొక్కరే తమ చరణం వదిలేసి పల్లవిలోకి వచ్చారు. అడుగులు ఆగాయి. బండి తీసేదాకా అక్కడే నిలబడి పాడారు. ముందు వరసలో బోర్డు పట్టుకున్న మా ఆవిడ వెనక్కి తిరిగి మునివేళ్ళ మీద లేచి, ఆకుల్లో ఎక్కడున్నానో వెతుకుతోంది.

పైన మేడ మీద నుంచి ఒక గొంతు వినపడింది. సూపరింటెండెంటుగారు, రెయిలింగ్ మీదుగా వంగి, పక్కింటివాళ్ళతో అంటున్నారు. "మా ఆఫీసాయన ముందు నడుస్తానన్నారండీ. ఎక్కడా కనిపించరేం? ఈ మనిషి చెప్పేదంతా ఇంతే."

తల ఎత్తి, ఇదిగో ఇక్కడున్నాను మేడమ్ అందామనుకున్నాను. కానీ అనాలంటే పాట ఆపాలి. నేనాపితే మామ్మగారు ఆగిపోతారు. ఆ మాట మింగేశాను. పదకొండేళ్ళు నేర్చుకున్న వినయమంతా పెట్టినా ఆ ఒక్క మాట మింగడానికి సరిపోలేదు. మోకాలి పట్టీ వల్ల సరిపోయింది.

తిరిగి చర్చి సందులోకి వచ్చేసరికి మాస్టారు ఆ అరుగు మీదే ఉన్నారు. పాట వరసలు వరసలుగా ఆయన ముందు నుంచి వెళుతోంది. రుమాలు కింద ఆయన పెదవులు కదులుతున్నాయి. అందరికన్నా చివర మేము దాటాం. మామ్మగారిని మెట్లెక్కించి, వెనక్కి వచ్చి, ఫ్లాస్కు మూత తీసి ఇచ్చాను. ఆయన నీళ్ళు తాగేదాకా ఆగడం నా వల్ల కాలేదు.

"ఎలా ఉందండీ మాస్టారూ?"

"పాట బాగా వచ్చింది. మామ్మ గొంతు విన్నాను. దగ్గుతూ దగ్గుతూ రైల్వే ఆయన పాడాడు. డోలక్ ఆయన కూడా వాయించడం ఆపేసి పాడాడు."

"మరి నేను?"

"నువ్వా?" ఆయన రుమాలు సర్దుకున్నారు. "నువ్వు వినపడలేదురా."

"ఎలా వినపడనండీ! ఎత్తుకుందే నేను! మొదటి నుంచి చివరి దాకా ఆపకుండా..."

"చెప్పాను కదా. వినపడలేదు." ఫ్లాస్కు నా చేతిలో పెట్టి, కర్ర కోసం తడుముకుంటూ లేచారు. "వచ్చే ఆదివారం కూడా నువ్వే. బోర్డు మీద నంబర్లు మర్చిపోకుండా రాయి."

ఆ మధ్యాహ్నం మా ఆవిడకి ఆయన అన్నది అన్నట్టు చెప్పాను. ఆమె అలవాటు ప్రకారం నాలుగో వంతు చేసుకోవడానికి చూసింది. చెయ్యడానికి అక్కడేమీ లేదు, ఒక్క మాటే. కాసేపు నా మొహంలోకి చూసి, "నిజంగా అలా అన్నారా?" అంది. అన్నారన్నాను.

పప్పు వడ్డించి, ఈసారి నెయ్యి తనే వేసింది.